ఎర్నా అడిగి రాయించుకున్న సున్నా

ఎర్నా హాబెగ్గర్ ముప్పై ఎనిమిదేళ్లు మా ఊరికి ఉత్తరాలు మోసింది. అన్నేళ్లూ నేను మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఎవరికి ఎక్కణ్ణుంచి ఏం వచ్చిందో ఆమె నోట విందామని చూశాను. కాఫీ ఇచ్చి అడిగాను. ఆపిల్ కేకు పెట్టి అడిగాను. ఒక చలికాలం మంచుమీద జారి మా గుమ్మంలో పడితే, కాలికి పట్టీ కడుతూ కూడా అడిగాను. "కవరు తెల్లగా ఉంది మార్తా" అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. అందుకని ఈ కథలో ఎర్నా చెప్పింది తక్కువ. నేను చూసిందీ, పక్కవాళ్ల దగ్గర లాగిందీ ఎక్కువ.

మా ఊరు రింగెన్‌బాక్. కొండ కింద నలభై గడపలు, ఒక జున్ను కేంద్రం, ఒక చర్చి, మొన్నమొన్నటి దాకా ఒక షూటింగ్ రేంజి. గడ్డిమైదానం ఇటు అంచున చెక్క షెడ్డు, అటు మూడు వందల మీటర్ల అవతల చరియ కింద నాలుగు టార్గెట్లు. నాలుగోదాని పక్కనే ఒక దేవదారు. గురువారం సాయంత్రం, ఆదివారం పొద్దున తుపాకుల చప్పుడు వినపడకపోతే ఊళ్లో ఎవరో పోయారని అర్థం.

ఎర్నా పుట్టింది ఆ షెడ్డు పక్కింట్లోనే. వాళ్ల నాన్న రేంజి చూసుకునే వార్డెన్, షూటింగ్ క్లబ్బు జెండా మోసేవాడు. ఆ జెండా కుట్టింది వాళ్లమ్మ. నీలం పట్టు మీద పచ్చటి పియర్ పండు, చుట్టూ ఆకులు. తల్లి ఆ పండుకు మూడు చలికాలాలు పెట్టిందంటారు. కాస్త దోసకాయలా వచ్చిందని మా అత్తగారు అనేది గానీ, మా అత్తగారికి ఎవరి కుట్టుపనీ నచ్చేది కాదు.

ఇప్పుడంటే యంత్రాలొచ్చాయి. అప్పట్లో టార్గెట్ల కింద కందకంలో మనుషులు కూర్చునేవాళ్లు. గుండు తగలగానే టార్గెట్టును కిందికి లాగి, కన్నానికి జిగురుతో కాగితం ముక్క అంటించి మళ్లీ పైకి ఎత్తాలి. తగిలిన చోటును పొడవాటి కర్రకున్న గుండ్రటి పలకతో చూపించాలి. అసలు తగలకపోతే పలకను అటూ ఇటూ ఊపాలి. అది సున్నా. ఎర్నా పదేళ్లకే ఆ కందకంలోకి దిగింది.

ఆమెకు పన్నెండేళ్లప్పుడు కొండ అవతల ఊరు ఓబర్‌మోస్‌తో మా ఊరికి పోటీ జరిగింది. రెండు ఊళ్ల జనం షెడ్డు నిండా ఉన్నారు. చివరి గుండు ఓబర్‌మోస్ వాళ్ల మొనగాడు కోబి ఎష్లిమన్‌ది. మూడో టార్గెట్టుకు కాల్చాలి. కాల్చాడు. మూడో టార్గెట్టు కింద ఉన్నది ఎర్నా. పలక పైకి వచ్చింది, అటూ ఇటూ ఊగింది. సున్నా.

కోబి టోపీ నేలకేసి కొట్టాడు. తన గుండు నడిమధ్యన తగిలిందని బైబిలు మీద చెయ్యేశాడు. పక్కన నాలుగో టార్గెట్టులో ఎవరిదీ కాని కన్నం ఒకటి ఉంది. ఆ వరసలో కాల్చడానికి బోర్లా పడుకున్న మనిషి ఇంకా కాల్చనే లేదు. మావాళ్లు ఆ కన్నం చూపించి, "నీ గుండు పక్కింటికి పోయింది కోబీ" అన్నారు. కోబి ఒప్పుకోలేదు. "వార్డెన్ కూతురు నా కన్నానికి కాగితం అంటించేసింది" అన్నాడు. ఓబర్‌మోస్ ఊరంతా అదే అంది. ఆ రాత్రి తండ్రి ఒక్కసారి అడిగాడట, ఎర్నా "కన్నం లేదు నాన్నా" అందట, ఆయన మళ్లీ జన్మలో అడగలేదు. ఈ మాట నాకు వాళ్లమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచీ రెండు క్లబ్బులకీ పోటీ లేదు, ఒకరి జెండా ఒకరి గుమ్మం తొక్కింది లేదు. పెళ్లిళ్లు మాత్రం ఆగలేదు. మా రెండో కోడలు ఓబర్‌మోస్ పిల్లే, ఆ గొడవ ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. ఎర్నా పెద్దదై తపాలా ఉద్యోగంలో చేరాక, కొండ అవతలి ఓబర్‌మోస్ ఇళ్లు కూడా ఆమె వంతుకే పడ్డాయి. సంచీ భుజాన వేసుకుని ఎక్కుతుంటే, "అదిగో జిగురు ఎర్నా వస్తోంది, కవర్లు సరిగ్గా అంటించి ఉన్నాయో లేదో చూసుకోండి" అనేవాళ్లు. ఆమె ఉత్తరాలిచ్చి, రోజు బాగుందనో బాగాలేదనో అని దిగివచ్చేది.

తండ్రి పాత తుపాకీ ఆమెకు వచ్చింది. కొండ ఎక్కీ దిగీ ఊపిరి ఆమె చెప్పిన మాట వినేది. ఏటా మే నెలాఖరున దేశమంతా ఒకేసారి జరిగే మైదానం పోటీలో ఆమె ఒక్క ఏడాది కూడా తప్పలేదు. పద్దెనిమిది గుండ్లు, ముందు సరిచూసుకునే గుండు ఒక్కటీ ఉండదు, గుండుకు ఎక్కువలో ఎక్కువ నాలుగు పాయింట్లు. బాగా కాల్చినవాళ్లకు ఆకుల దండ చెక్కిన వెండి బిళ్ళ ఇస్తారు. ఎర్నా ఇంట్లో ఆ బిళ్ళలు ఒక ముక్కాలి పీట కింద బిస్కట్ల డబ్బాలో ఉంటాయి. నేను చూశాను. ఎలా చూశానని అడక్కండి.

పెళ్లి చేసుకోలేదేమని కూడా అడిగాను. "అడిగినవాడు తుపాకీ అమ్మేయమన్నాడు" అంది. అడిగినవాడు ఎవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇలా సాగుతుండగా మైదానం ఎదుట కొత్త ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లవాళ్లకు ఆవుల మెడగంటలు ముద్దుగానే వినపడ్డాయి, తుపాకులు మాత్రం గిట్టలేదు. అధికారులు వచ్చి చప్పుడు కొలిచారు. తర్వాత మట్టి తవ్వి చూసి, వందేళ్ల గుండ్ల సీసం అందులో ఉందన్నారు. అది నిజమే. కిందటి సెప్టెంబరులో ఆఖరి ఆదివారం కాల్చి, షెడ్డుకు తాళం వేశారు. తర్వాతి వారమే లారీలు చరియను తవ్వుకుపోయాయి. వాటిలో ఎర్నా తండ్రి గుండ్లూ పోయాయి, ఆమె గుండ్లూ పోయాయి. ఆమె కంచె పక్కన నిలబడి చూసింది. మధ్యాహ్నం లోపలికి వెళ్లి, కందకంలో మిగిలిన పలక కర్రను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. దేవదారును కూడా కొట్టేశారు.

క్లబ్బులో మిగిలింది ఏడుగురు. అందరిలోకీ పెద్ద గోది త్సాగ్, ఎనభై ఆరేళ్లు, కుర్చీలు చేసేవాడు. మా ఇంట్లో కూర్చుని సూపు తాగుతూ మాట్లాడుకున్నారు. చెంచాల చప్పుడే ఎక్కువ వినపడింది.

"తుపాకీ గోడకు తగిలిస్తాను. నా వయసులో గోడకు తగిలించుకునేవే ఎక్కువ" అన్నాడు గోది.

"ఏదో ఒక క్లబ్బులో చేరదాం" అంది ఎర్నా.

"చేరొచ్చు. జెండా మాటేంటి?"

అక్కడే చిక్కు. మా వైపు షూటర్ పోతే, గోతిలోకి పెట్టె దింపాక క్లబ్బు జెండా మూడుసార్లు గోతిమీదికి వంగుతుంది. పాస్టరు ఎంత బాగా మాట్లాడినా, మా మొగాళ్ల కళ్లు తడిసేది ఆ మూడుసార్లే. క్లబ్బు రద్దయితే జెండా పంచాయతీ ఆఫీసులో అద్దాల పెట్టెలోకి పోతుంది, తాళం గుమాస్తా దగ్గర ఉంటుంది. ఇక ఎవరి గోతిమీదికీ రాదు.

"నేను పోయినప్పుడు ఆ దోసకాయ నామీద వంగాలి. వంగకపోతే లేచి కూర్చుంటాను" అన్నాడు గోది.

"పియర్ పండు" అంది ఎర్నా.

"ఏదో ఒకటి. నువ్వే చూడాలమ్మా. మా ఆరుగురికీ మోకాళ్లు లేవు."

అలా ఆ పని ఎర్నా మీద పడింది. డెబ్భై ఏళ్ల మనిషి, మే పోటీ లోపల ఏడుగుర్నీ జెండానూ కలిపి తీసుకునే క్లబ్బు వెతకాలి. మనుషులనైతే ఎవరైనా రమ్మంటారు. జెండాతో కలిపి అంటేనే ముఖాలు మారేవి.

మొదట పట్నం వెళ్లింది. అక్కడి క్లబ్బు నేలకింద ఉంది. యాభై మీటర్ల హాలు, తెల్లటి దీపాలు. కట్టెలా బిగుసుకున్న తోలు కోటు ఆమెకు తొడిగి, పాతికేళ్ల అబ్బాయొకడు తుపాకీ ఎలా పట్టుకోవాలో నేర్పించాడట. ఆమె విని, థాంక్స్ చెప్పి, పది గుండ్లు కాల్చి, కోటు విప్పి వచ్చేసింది.

"ఎలా ఉందే?" అన్నాను.

"గాలి లేదు మార్తా. గాలి లేనిచోట కాల్చడం గోడతో మాట్లాడినట్టుంది."

"అబ్బాయి ఏమన్నాడు?"

"పది గుండ్లూ చూశాక ఏమీ అనలేదు."

రెండోది లోయ కింది పెద్ద క్లబ్బు. వాళ్లు మర్యాదస్తులు. కాఫీ ఇచ్చారు, కాగితాలు ముందుంచారు. జెండా అనగానే, "దానికేం, మా దగ్గర చోటుంది" అని ఒక బీరువా తెరిచారు. లోపల మూతపడ్డ క్లబ్బుల జెండాలు పదకొండు, చుట్టి నిలబెట్టి ఉన్నాయట. ఎర్నా బీరువా వంక చూసింది, సంతకం పెట్టకుండా లేచింది.

"గొడుగుల్లా ఉన్నాయి" అంది నాతో.

ఇక మిగిలింది కొండ అవతల. ఓబర్‌మోస్‌లో ఎనిమిది టార్గెట్ల రేంజి, అడవి మధ్యలో, చప్పుడుకు ఏడ్చే ఇల్లు ఒక్కటీ లేదు. మనుషులు తగ్గి సగం వరసలు ఖాళీ. ప్రెసిడెంటు రెస్ ఎష్లిమన్. కోబి కొడుకు. కోబి బతికే ఉన్నాడు, తొంభై ఒకటి.

"అక్కడికి మాత్రం వెళ్లకు. ఆ ముసలాయన నిన్ను చూస్తే టోపీ మళ్లీ కొడతాడు" అన్నాను.

"నేలకేసి కొడతాడు, నన్ను కాదు కదా" అంది. ఫిబ్రవరి మంచులో, ఉత్తరాలు మోసిన దారినే గంటసేపు నడిచి కొండ దాటింది.

ఆ మాటలు నాకు మా కోడలి ద్వారా వచ్చాయి, కోడలి అన్న ఆ గదిలోనే ఉన్నాడు. రెస్ లేచి చేయి కలిపాడట. అతనికి అరవై నాలుగు, రంపపు మిల్లు నడుపుతాడు, మాట తక్కువ.

"మీ ఏడుగురూ రండి ఎర్నా. వరసలు ఖాళీగా ఉన్నాయి, సంతోషంగా రండి. జెండా మాత్రం వద్దు."

"ఎందుకో చెప్పు."

"ఎందుకో నీకు తెలుసు. మా నాన్న ఆదివారం ఆదివారం ఇదే గదిలో కూర్చుంటాడు. ఆయన తలమీద నీ జెండా వేలాడదీయమంటావా?"

"ఆయన పక్కన వేలాడదీయి. తలమీద ఎందుకు?"

ఒకరిద్దరు నవ్వారట. రెస్ నవ్వలేదు. "ఆయన ఇప్పటికీ అంటాడు, ఆ పిల్ల కాగితం అంటించిందని."

"నేను అంటించలేదు."

"ఇప్పుడు అది ఎవరు తేలుస్తారు?"

ఎర్నా కాసేపు కిటికీలోంచి మంచులో ఉన్న టార్గెట్ల వంక చూసిందట. "మే పోటీకి మమ్మల్ని అతిథులుగా రానియ్యి. పోటీ అయ్యాక ఆదివారం మధ్యాహ్నం మీ వాళ్లంతా ఇక్కడే ఉంటారు. జెండా రావాలా వద్దా చేతులెత్తి చెప్పండి. వద్దంటే ఏడుగురం వెళ్లిపోతాం. తుపాకులు గోడకు."

రెస్ సరే అన్నాడు. వాళ్ల క్లబ్బులో ఎంతమంది ఎత్తుతారో మా కోడలు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. ఒక చేతి వేళ్లు సరిపోయాయి.

మే ఆఖరి ఆదివారం. పొద్దున్నుంచీ సన్నటి వాన, కొండమీద పొగమంచు. నా చిన్న కారులో ముందు గోది, వెనక ఎర్నా, ఒళ్లో తుపాకీ. డిక్కీలో పట్టక జెండా కర్రను అద్దంలోంచి బయటికి పెట్టాం. మిగతా ఐదుగురు ఇంకో బండిలో. నేను బంగాళాదుంప సలాడ్ ఒక బకెట్‌తో తీసుకెళ్లాను. ఖాళీ చేతులతో వెళ్తే ఓబర్‌మోస్ ఆడవాళ్లు ఇంకో అరవై ఏళ్లు చెప్పుకుంటారు. వాళ్ల వంటింట్లోకి వెళ్లి చూస్తే సలాడ్‌లో మయోనీజ్ వేశారు. మేం మాంసం ఉడికించిన వేడి రసం పోస్తాం. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లను అడగండి.

జెండా కారులోనే ఉంది, చుట్టి.

పదిన్నరకు ఎర్నా వంతు వచ్చింది. నాలుగో వరస. పక్కన ఐదో వరసలో ఎవరో కాదు, రెస్. చాప మీద బోర్లా పడుకుని, తుపాకీ భుజానికి ఆనించి, ఇద్దరూ దూరంగా మంచులోకి చూస్తున్నారు. వెనక స్కోరు రాసేది నాద్యా, బళ్లో టీచరు, నలభై దాటిన మనిషి, అక్షరం వంకర పోనివ్వదు. ఆ వెనక గోడవార బెంచీ మీద, దుప్పటి కప్పుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి కోబి. నేను గోడకు ఆనుకుని అన్నీ కనపడే చోటు చూసుకున్నాను.

ఇప్పుడు కందకంలో ఎవరూ ఉండరు. గుండు తగలగానే ప్రతివాళ్ల పక్కనున్న చిన్న తెరమీద అంకె పడుతుంది.

మొదటి గుండు ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. ఎర్నా తెర ఖాళీ. రెస్ తెరమీద నాలుగు పడింది, వెంటనే దాని కింద రెండు. నాద్యా ముందుకు వంగి చూసింది. కాల్పులు ఆపమంది, అందరూ చెవులమీది కప్పులు తీశారు.

"వానకు యంత్రం చెడింది" అంది నాద్యా. "నాలుగోది మీ గుండు పట్టుకోలేదు ఎర్నక్కా. ఐదోది ఒకటికి రెండు చూపిస్తోంది. పోయినసారి వానలోనూ ఇలాగే చేసింది. రెస్‌కి మొదటిది ఉంచి రెండోది కొట్టేస్తాను. మీరు ఇంకో గుండు కాల్చుకోండి."

ఎవరికీ అభ్యంతరం లేదు. రెస్‌కు నాలుగు, ఎర్నాకు కొత్త గుండు, ఇద్దరికీ లాభమే. అందరూ మళ్లీ కప్పులు పెట్టుకోబోతున్నారు.

ఎర్నా కదల్లేదు. బుగ్గ తుపాకీకి ఆనించి దూరంగా చూస్తూనే ఉంది. నేనూ అటు చూశాను. మంచు కాస్త పక్కకు జరిగింది. ఐదో టార్గెట్టు పక్కన దేవదారు.

"నాద్యా, యంత్రం బానే ఉంది" అంది. "యాభై ఏళ్లు దేవదారు పక్క టార్గెట్టుకే కాల్చాను. నా కన్ను అలవాటుగా అటే పోయింది. ఐదోదానిలో ఆ నాలుగు నాది. రెండు రెస్‌ది. నాకు సున్నా రాయి."

నాద్యా రాయబోయిన చెయ్యి ఆపి ఆమె వైపు వంగింది.

"అక్కా, అది మీకెలా తెలుసు? యంత్రమే కావచ్చు కదా" అంది నాద్యా.

"గుండు ఎక్కడికి వెళ్లిందో కాల్చినదానికి తెలియదా? సున్నా రాయి."

నాద్యా రెస్ వంక చూసింది. అతనికీ రెండు పాయింట్లు పోతున్నాయి మరి. రెస్ మెడ చొక్కా లోపలి నుంచి పైదాకా ఎర్రబడింది. "రాయి" అన్నాడు. "ఆమె చెప్పినట్టు రాయి."

రాసింది. బెంచీ మీద చేతికర్ర నేలకు తగిలిన చప్పుడయింది.

గోది నా చెవిలో, "అయిపోయింది. సున్నాతో మొదలెట్టి ఆకుల దండ తెచ్చుకున్నదాన్ని నేను చూడలేదు" అన్నాడు.

"నోరు మూసుకుని చూడు" అన్నాను.

ఎర్నా మోచేయి ఒక బెత్తెడు జరుపుకుంది. ఊపిరి పీల్చి, సగం వదిలింది. నాలుగు. ఆగింది. మూడు. మళ్లీ నాలుగు, నాలుగు, మూడు. తర్వాత నిమిషంలో మూడేసి గుండ్ల దఫాలు రెండు. మొదటిదాంట్లో పదకొండు. రెండోదాంట్లో మూడూ నాలుగులే. అప్పటికి షెడ్డులో సాసేజీ తినేవాళ్లు తినడం ఆపారు. చివర్న నిమిషంలో ఆరు గుండ్లు. మే పోటీలో చాలామంది అక్కడే కూలిపోతారు. తొందరపడితే చెదురుతాయి, నెమ్మదిస్తే గుండు మిగిలిపోతుంది. ఆమె మెట్లెక్కినట్టు కాల్చింది, ఒకటి, ఒకటి, ఒకటి. ఆరో గుండు పేలాక నాద్యా గంట కొట్టింది. ఇరవై ఒకటి.

మొత్తం అరవై రెండు. ఒక సున్నాతో. దండ బిళ్ళ వచ్చేసింది, దానికి పోను పాయింట్లు ఇంకా మిగిలాయి. రెస్ అరవై ఒకటి.

గోది లేచి నిలబడ్డాడు. మోకాళ్లు లేవన్న మనిషి. "ప్రెసిడెంటు గారూ, మీ రేంజి మా ఎర్నాకు కాస్త పడినట్టుంది" అన్నాడు. ఓబర్‌మోస్ వాళ్లే ముందు చప్పట్లు కొట్టారు. కొట్టి, ఎందుకు కొట్టామా అన్నట్టు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

మధ్యాహ్నం వాళ్ల గదిలో చేరాం. జడలా అల్లిన రొట్టె కోసి పెట్టారు, నా సలాడ్ బకెట్ ముందు ఖాళీ అయింది. ఈ మాట గొప్పకు రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. కిటికీల మధ్య ఓబర్‌మోస్ జెండా నిలబడి ఉంది, ఎరుపు మీద తెల్లటి జింక. దాని కింద కుర్చీలో కోబి.

రెస్ గ్లాసు మీద చెంచాతో తట్టాడు. "రింగెన్‌బాక్ వాళ్ల జెండా సంగతి. చేతులెత్తే ముందు ఎవరైనా మాట్లాడతారా?"

కోబి దుప్పటి లోంచి చెయ్యి బయటికి తీశాడు.

"ఆ ఎర్నా ఎక్కడ?" అన్నాడు. ఆయనకు చూపు ఆనదు.

ఎర్నా వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఏ చెట్టు వల్ల తప్పావు?"

"దేవదారు వల్ల, కోబీ."

"ఐదో టార్గెట్టు పక్కది."

"అవును."

"ఆ చెట్టు మా నాన్న నాటాడు. నేను ఇరవై ఏళ్లు ఐదో వరసలోనే కాల్చాను." ముసలాయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ ఊళ్లో నాలుగోదాని పక్కన ఉండేది ఒకటి."

"ఉండేది. మొన్న కొట్టేశారు."

"నేను మూడో వరసలో పడుకున్నాను. చెట్టు పక్కదానికి కాల్చాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కొండమీద ఆగి వెనక్కి చూశాను. చెట్టు కనపడింది. అప్పుడే తెలిసింది."

"నాన్నా" అన్నాడు రెస్.

"ఆగరా. అరవై ఏళ్లుగా నువ్వు నన్ను ఆపలేదు, ఇప్పుడెందుకు." మళ్లీ ఎర్నా వైపు తిరిగాడు. "బైబిలు మీద చెయ్యేశాక వెనక్కి తీయడం తెలియలేదు. నువ్వు ఉత్తరాలు తెచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకునేవాణ్ణి. రోజు బాగుందనేదానివి. నేను లోపలికి పోయేవాణ్ణి."

ఎర్నా ఏమంటుందా అని నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"కొన్ని రోజులు బాగానే ఉండేవి" అంది.

కోబి నోటిలో పళ్లు లేని నవ్వు ఒకటి వచ్చింది. "సున్నా అడిగి రాయించుకుంది. నాకు చేత కాలేదు, దీనికి చేతనయింది. రెస్, ఇంకా కూర్చున్నావేం? చేతులెత్తడం తర్వాత. ముందు ఆ జెండా వానలో తడవకుండా తీసుకురా."

రెస్ నా దగ్గరకు వచ్చి చెయ్యి చాచాడు. "తాళం ఇవ్వు మార్తా." ఇచ్చాను. కారు అద్దంలోంచి కర్ర వంకరగా తీసి, ఓబర్‌మోస్ ప్రెసిడెంటు రింగెన్‌బాక్ జెండాను రెండు చేతులతో మోసుకుంటూ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. గది మధ్యలో విప్పాడు. నీలం పట్టు, పచ్చ పండు. అందరూ లేచారు. మా ఆరుగురు మొగాళ్లూ ఎటో అటు చూస్తూ ముక్కులు తుడుచుకున్నారు.

తర్వాత చేతులెత్తారు. రెండు చేతుల వేళ్లూ చాలలేదు, మా కోడలికి నేను ఫోను చేసి మరీ చెప్పాను. జెండాను జింక పక్కన నిలబెట్టారు. కోబి దగ్గరకు వంగి చూసి, "ఇదేం దోసకాయ?" అన్నాడు.

"పియర్ పండు" అంది ఎర్నా.

గోది రెండో గ్లాసు నింపుకున్నాడు. "ఇక నిశ్చింత. చావడానికి తొందరేమీ లేదు" అన్నాడు.

ఇప్పుడు ఏడుగురూ గురువారాలు కొండ దాటి వెళ్తున్నారు. నేనూ వెళ్తాను, వంటింట్లో మయోనీజ్ తగ్గించగలిగాను. దండ బిళ్ళను నాద్యా స్వయంగా ఎర్నా కోటుకు గుచ్చింది, రెండు వారాలైనా ఆమె తీసి డబ్బాలో వేయలేదు. నేను కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను.

జూన్‌లో మొదటి గురువారం ఎర్నా, "నాకు ఐదో వరస ఇస్తారా?" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా అది రెస్ వరస. అతను తన చాప చుట్టి నాలుగోదానికి జరిగాడు. "తీసుకో. అక్కడ మొదటి నాలుగు ఎలాగూ నీదే."

ఇద్దరూ పడుకున్నారు. ఎర్నా ఇంకా చెవికప్పు సర్దుకుంటోంది, రెస్ కాల్చాడు. అతని తెర ఖాళీగా ఉంది. ఎర్నా తెరమీద మూడు పడింది. ఆమె తల తిప్పి అతని వంక చూసింది. గోడవార బెంచీ మీద కోబి చేతికర్ర నేలకు కొట్టడం మొదలుపెట్టాడు, నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"నాద్యా" అన్నాడు రెస్, తలెత్తకుండానే. "నాకు సున్నా రాయి."